119 రోజుల ప్రధాని: జార్జ్ కానింగ్‌ను సొంతవాళ్లే ఎందుకు వదిలేశారు?

1827 ఏప్రిల్ 10న ఇంగ్లండు రాజు నాలుగో జార్జ్ తన విదేశాంగ మంత్రి జార్జ్ కానింగ్‌ను పిలిచి కొత్త మంత్రివర్గం కూర్చమన్నాడు. రెండు రోజులు తిరిగేసరికి పాత మంత్రివర్గంలో దాదాపు సగం మంది రాజీనామాలు పంపేశారు. వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ డ్యూక్ వెళ్లిపోయాడు. మంత్రి పదవితో ఆగకుండా సర్వసైన్యాధిపతి పదవి కూడా వదిలేశాడు. హోం మంత్రి రాబర్ట్ పీల్ వెళ్లిపోయాడు. మొత్తమ్మీద పాతికేళ్లు లార్డ్ చాన్సలర్ పీఠం మీద కూర్చున్న ఎల్డన్ వెళ్లిపోయాడు. బాథర్స్ట్, వెస్ట్‌మోర్లండ్, మెల్విల్ వాళ్ల వెంట నడిచారు. కింది పదవులు కూడా కలిపితే ఖాళీ అయిన కుర్చీలు నలభై దాకా తేలాయి. వీళ్లంతా టోరీలు, అంటే అప్పటి సంప్రదాయవాద పక్షంవాళ్లు. కానింగ్ కూడా టోరీయే. నిన్నటిదాకా అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లే.

అడిగితే వాళ్లు చెప్పిన కారణం ఒకటే. రోమన్ కేథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరవాలనేవాడు కానింగ్, అలాంటివాడి కింద పని చేయలేం అన్నారు. మాట సూటిగానే ఉంది. కానీ సరిగ్గా రెండేళ్లకు, 1829 ఏప్రిల్లో, కేథలిక్కులను పార్లమెంటులో కూర్చోనిచ్చే చట్టం వచ్చింది. అప్పుడు ప్రధాని వెల్లింగ్టన్. పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో ఆ బిల్లును భుజాన వేసుకుని నడిపించింది పీల్. కానింగ్ చనిపోయి అప్పటికి ఇరవై నెలలు.

మరి కానింగ్ కింద ఎందుకు ఉండలేకపోయారు? ఈ ముడి విప్పితే తప్ప ఆ మనిషి అర్థం కాడు. క్విజ్ పుస్తకాల్లో మాత్రం ఆయన ఒక అంకెగానే మిగిలాడు: ప్రధానిగా 119 రోజులు. 2022లో లిజ్ ట్రస్ యాభై రోజులు కూడా నిండకుండా దిగిపోయేదాకా, బ్రిటన్‌లో అతి తక్కువ కాలం పనిచేసిన ప్రధాని అన్న పేరు 195 ఏళ్లపాటు ఆయనదే.

మనకు ఇంకో తికమక ఉంది. బడి పుస్తకాల్లో కానింగ్ అనగానే గుర్తొచ్చేది 1857 తిరుగుబాటు నాటి గవర్నర్ జనరల్, ఆ తర్వాత తొలి వైస్రాయ్. ఆయన చార్లెస్ కానింగ్, ఈయన కొడుకు. తండ్రి పోయేనాటికి పద్నాలుగేళ్లవాడు. నిజానికి కొడుకు కంటే ముప్పై నాలుగేళ్ల ముందే తండ్రి ఆ ఉద్యోగంలో కలకత్తాకు రావలసింది. ఓడ ఎక్కబోయే ముందు ఆగిపోయాడు. ఎందుకో తర్వాత చెబుతాను.

నటి కొడుకు

కానింగ్ 1770 ఏప్రిల్ 11న లండన్‌లో పుట్టాడు. తండ్రిది ఉత్తర ఐర్లండులోని గార్వా ఊరి భూస్వామి కుటుంబం. ఇంట్లోవాళ్లతో చెడి, వారసత్వం పోగొట్టుకుని, లండన్‌లో చేసిన వ్యాపారంలోనూ నిలదొక్కుకోలేక, కొడుకు మొదటి పుట్టినరోజు నాడే కన్నుమూశాడు. తల్లి మేరీ ఆన్ కాస్టెలో పొట్టకూటి కోసం నాటకరంగం ఎక్కింది. 1773లో డ్రూరీ లేన్ థియేటర్‌లో, గారిక్ అంతటి నటుడి నీడలో మొదటి వేషం వేసింది. లండన్ ఆమెను నెత్తిన పెట్టుకోలేదు. తర్వాత ఊరూరా తిరిగే నాటక బృందాలే ఆమెకు దిక్కయ్యాయి. శామ్యూల్ రెడిష్ అనే నటుడితో పెళ్లి లేకుండా కలిసి ఉంది, పిల్లల్ని కన్నది. ఆ తర్వాత ప్లిమత్‌లో హన్ అనే పట్టుబట్టల వర్తకుణ్ణి పెళ్లాడింది.

బ్యాంకరైన బాబాయి స్ట్రాట్‌ఫోర్డ్ కానింగ్ ఈ పరిస్థితుల్లోంచి పిల్లవాణ్ణి తీసుకెళ్లి తన ఇంట్లో పెంచాడు. ఈటన్ బడి, ఆక్స్‌ఫర్డ్‌లో క్రైస్ట్ చర్చ్ కళాశాల. ఈటన్‌లో ఉండగానే స్నేహితులతో కలిసి పత్రిక నడిపి పేరు తెచ్చుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో సహాధ్యాయి రాబర్ట్ జెంకిన్సన్, అంటే తర్వాత పదిహేనేళ్లు ప్రధానిగా ఉన్న లివర్‌పూల్ ప్రభువు.

తల్లిని మాత్రం కానింగ్ వదల్లేదు. వారం వారం ఉత్తరాలు రాస్తూ వచ్చాడు. 1801లో పదవి వదిలినప్పుడు తనకు రావలసిన పింఛనును తల్లికి, ఆమె కూతుళ్లకు మళ్లించాడు. ప్రజాధనం నాటకాలవాళ్లకు పెడతావా అని ప్రత్యర్థులు ఏళ్ల తరబడి ఎత్తిపొడిచారు. ఆమె 1827 మార్చిలో పోయింది, కొడుకు ప్రధాని కావడానికి నెల ముందు.

పుట్టుకను గురించి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. టోరీల ప్రత్యర్థి పక్షమైన విగ్గుల నాయకుడు గ్రే ప్రభువు, నటి కొడుకు అయినంత మాత్రాననే ఒక మనిషి ప్రధాని పదవికి అనర్హుడు అన్నాడని చెబుతారు. గ్రే మామూలు ఛాందసుడు కాడు. 1832లో ఓటు హక్కు సంస్కరణ తెచ్చిన ప్రధాని ఆయనే. సంస్కరణవాది నోటే ఆ మాట చెల్లిన కాలంలో మిగిలినవాళ్లు ఏమనుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

నోటి దురుసు

కానింగ్ చిన్నప్పటి పరిచయాలన్నీ విగ్గులతోనే. ఫాక్స్, షెరిడన్ ఆ కుటుంబానికి దగ్గరివాళ్లు. ఫ్రెంచి విప్లవం రక్తపు మలుపు తిరిగాక, 1792లో, ఆయన అటు వెళ్లకుండా ప్రధాని విలియం పిట్ పంచన చేరాడు. మరుసటి ఏడాదే వైట్ ద్వీపంలోని న్యూటౌన్ అనే చిన్న నియోజకవర్గం నుంచి కామన్స్‌లో అడుగుపెట్టాడు. విగ్గుల దృష్టిలో ఇది పార్టీ ఫిరాయింపు. టోరీల దృష్టిలో ఆయన అటునుంచి వచ్చినవాడు. ఈ రెండు ముద్రలూ జీవితాంతం చెరగలేదు.

1797లో జాకోబిన్ భావాలను, అంటే ఫ్రెంచి విప్లవంలోని తీవ్రవాదుల భావాలను, ఎగతాళి చేయడానికి స్నేహితులతో ఒక వారపత్రిక పెట్టాడు. అందులో ఆయన వ్యంగ్య పద్యాలు ఇంగ్లండంతా నోళ్లలో నానాయి. ఎగతాళి అక్కడితో ఆగితే బాగుండేది. 1801లో పిట్ దిగిపోయి అడింగ్టన్ ప్రధాని కాగానే, లండన్ మహానగరం ముందు పాడింగ్టన్ పేట ఎంతో పిట్ ముందు అడింగ్టన్ అంతే అని ప్రాస కట్టాడు. అడింగ్టన్ సొంత పక్షంవాడే. ఆయనే తర్వాత సిడ్మత్ ప్రభువు పేరుతో పదేళ్లు హోం మంత్రిగా ఉన్నాడు. ఇలాంటి పద్యం విన్నవాళ్లు నవ్వి మరిచిపోతారు. ఎవరిమీద కట్టారో వాళ్లు మరిచిపోరు.

1800లో జోన్ స్కాట్‌తో పెళ్లయింది. ఆమె తెచ్చిన ఆస్తి లక్ష పౌన్లు. ఆమె అక్కను పెళ్లాడినవాడు పోర్ట్‌లాండ్ డ్యూక్ పెద్ద కొడుకు. అంటే 1807లో ప్రధాని అయిన మూడో పోర్ట్‌లాండ్ డ్యూక్, కానింగ్‌కు తోడల్లుడి తండ్రి. ఆ మంత్రివర్గంలోనే కానింగ్ ముప్పై ఆరేళ్లకు విదేశాంగ మంత్రి అయ్యాడు. ఆ తోడల్లుడి తమ్ముడు విలియం బెంటింక్. సతిని నిషేధించిన గవర్నర్ జనరల్‌గా మనం చదువుకున్న బెంటింక్ ఆయనే.

పదవిలోకి రాగానే చేసిన పెద్ద పని మచ్చగానూ మిగిలింది. డెన్మార్క్ నౌకాదళం నెపోలియన్ చేతికి చిక్కుతుందన్న భయంతో, తటస్థంగా ఉన్న ఆ దేశపు రాజధాని కోపెన్‌హాగన్‌పై 1807 సెప్టెంబరులో బ్రిటిష్ సేనలు రాత్రుల తరబడి నిప్పులు కురిపించాయి. నగరంలో పెద్ద భాగం తగలబడింది. నౌకలన్నీ బ్రిటన్ పట్టుకుపోయింది. యుద్ధ లెక్కల్లో అది తెలివైన ఎత్తు. తగాదాలేని పొరుగువాడి రాజధానిని కాల్చడం అన్న మాటా అంతే నిజం.

ఇక పిస్తోళ్ల కథ. యుద్ధ శాఖ మంత్రి కాసిల్‌రీ అసమర్థుడని కానింగ్ అభిప్రాయం. ఆయన్ను మార్చకపోతే నేను వెళ్లిపోతానని 1809 వసంతంలో ప్రధాని పోర్ట్‌లాండ్‌కు చెప్పాడు. మెత్తని మనిషైన పోర్ట్‌లాండ్ సరే అన్నాడు కానీ ఆ మాట కాసిల్‌రీకి చెప్పలేక నెలలు నాన్చాడు. ఆ నెలల్లోనే కాసిల్‌రీ, తన కింద కుర్చీ ఎప్పుడో తీసేశారని తెలియక, హాలండు తీరంలోని వాల్కరెన్ దీవికి భారీ దండయాత్ర నడిపాడు. శత్రువు చేతిలో చచ్చినవాళ్లు తక్కువ, జ్వరాలకు చచ్చినవాళ్లు నాలుగు వేలకు పైనే. సంగతి బయటపడగానే కాసిల్‌రీ ద్వంద్వ యుద్ధానికి సవాలు విసిరాడు. సెప్టెంబరు 21 పొద్దున్నే పట్నీ హీత్ మైదానంలో ఇద్దరు బ్రిటిష్ మంత్రులు ఎదురెదురు నిలబడి కాల్చుకున్నారు. కానింగ్ అంతకుముందు పిస్తోలు పేల్చి ఎరగడు. మొదటి విడత ఎవరికీ తగల్లేదు. రెండో విడతలో గుండు కానింగ్ తొడలో దిగింది.

గాయం త్వరగానే మానింది. పేరు మాత్రం మానలేదు. వెనక నుంచి గోతులు తీసేవాడు అన్న మాట అక్కణ్ణించే మొదలు. న్యాయంగా చూస్తే దాచిపెట్టిన తప్పు పోర్ట్‌లాండ్‌ది, రాజుది. కానీ అలాంటి తగవుల్లో లోకం తెలివైనవాణ్ణే అనుమానిస్తుంది.

1812లో లివర్‌పూల్ ప్రధాని అయ్యాక విదేశాంగ శాఖ ఇవ్వజూపాడు. కాసిల్‌రీ పెద్ద మనసుతో ఆ శాఖ వదులుకోవడానికి సిద్ధపడ్డాడు, కామన్స్‌లో ప్రభుత్వ నాయకత్వం మాత్రం తనదే అన్నాడు. అతని కింద కూర్చోవడమా అని కానింగ్ కాదన్నాడు. ఆయన రాజకీయ జీవితంలో ఇంతకంటే ఖరీదైన తప్పు లేదు. నెపోలియన్ పతనం, వియన్నా సమావేశం, యూరప్ పటం తిరగరాయడం, అన్నీ కాసిల్‌రీ చేతుల మీద జరిగాయి. కానింగ్ మాత్రం జబ్బు కొడుకు కోసమని లిస్బన్‌లో రాయబారి పదవి పుచ్చుకుని ఊరుకున్నాడు. అన్ని తెలివితేటలుండి అహం ఒక్కటీ అడ్డుపడటం అంటే ఇదే.

బోర్డ్ ఆఫ్ కంట్రోల్ గదిలోంచి గుంటూరు

1816లో ఆయనకు దొరికింది బోర్డ్ ఆఫ్ కంట్రోల్ అధ్యక్ష పదవి. ఈస్టిండియా కంపెనీ మీద బ్రిటిష్ ప్రభుత్వ పెత్తనం నడిచేది ఈ బోర్డు ద్వారానే. అధ్యక్షుడు ఇండియా వ్యవహారాల మంత్రి లాంటివాడు. తెలుగు నేలకు కానింగ్‌తో నేరుగా లంకె పడింది ఇక్కడే.

ఆ ఏడాది మార్చిలో పిండారీ గుర్రపు దండులు ఉత్తర సర్కారుల మీద పడ్డాయి. పన్నెండు రోజులు కూడా తిరక్కుండా 339 గ్రామాలు దోచుకున్నాయని, 182 మందిని చంపాయని, వేలమందిని దాచిన సొమ్ము చెప్పమని చిత్రహింసలు పెట్టాయని కంపెనీ విచారణ లెక్క తేల్చింది. గుంటూరు ప్రాంతం ఎక్కువ నష్టపోయింది. పిండారీలను వేటాడబోతే మరాఠాలతో పూర్తి యుద్ధం ముంచుకొస్తుందని లండన్ అప్పటిదాకా గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ప్రభువును వెనక్కి లాగుతూ ఉంది. కానింగ్ మొదట ఆ వెనక్కి లాగిన పక్షమే. సర్కారుల వార్త చేరాక అనుమతి ఇచ్చాడు. అలా మొదలైన వేట 1817, 1818ల్లో మూడో మరాఠా యుద్ధమై పీష్వా పదవినే తుడిచేసింది.

1819 మార్చిలో కామన్స్‌లో హేస్టింగ్స్‌కు, సైన్యానికి కృతజ్ఞతా తీర్మానం పెట్టింది కానింగే. సైనికులను మెచ్చుకుంటున్నాం తప్ప రాజ్యం పెంచుకునే విధానాన్ని కాదని జాగ్రత్తగా గీత గీశాడు. ఆక్రమణకు అనుమతిచ్చి, ఆక్రమణను మెచ్చుకోలేదనడం ఆయనకే చెల్లింది. ఆ ప్రసంగంలో దక్షిణ మరాఠా దేశంలో కొద్దిపాటి బలగంతో కోటలు గెలిచిన థామస్ మన్రోను ఆకాశానికి ఎత్తాడు. యూరప్ ఇంతకంటే సమర్థుడైన రాజనీతిజ్ఞుణ్ణి, వీరులకు కొదవలేని ఇండియా ఇంతకంటే నేర్పరి అయిన సైనికుణ్ణి కనలేదన్నాడు. దత్త మండలాల కలెక్టరుగా రాయలసీమ ఎరిగిన మన్రో దొర ఆయనే. ఆ ఏడాదే మద్రాసు గవర్నరుగా నియమితుడయ్యాడు.

1820 చివర్లో కానింగ్ రాజీనామా చేశాడు. కొత్త రాజు నాలుగో జార్జ్ తన భార్య కెరోలిన్ రాణిపై పార్లమెంటులో విచారణ నడిపిస్తుంటే, ఆమెకు పాత స్నేహితుడైన కానింగ్ అందులో పాలు పంచుకోనన్నాడు. రాజుకు అది నచ్చలేదు. ఇంగ్లండులో తలుపులు మూసుకున్నట్టే కనిపించింది. 1822లో కంపెనీ ఆయన్ను గవర్నర్ జనరల్‌గా నియమించింది. పెద్ద జీతం, దూర దేశం, గౌరవంగా తప్పుకునే దారి. ఆగస్టులో తన నియోజకవర్గమైన లివర్‌పూల్‌కు వీడ్కోలు చెప్పడానికి వెళ్లి జాన్ గ్లాడ్‌స్టన్ అనే వర్తకుడి ఇంట్లో దిగాడు. ఆ ఇంటి పన్నెండేళ్ల కుర్రవాడు విలియం తర్వాత నాలుగుసార్లు ప్రధాని అయ్యాడు. ఆగస్టు 12న కాసిల్‌రీ కత్తితో గొంతు కోసుకుని చనిపోయాడు.

కానింగ్ ఓడ ఎక్కలేదు. విదేశాంగ శాఖ, కామన్స్ నాయకత్వం రెండూ కలిపి ఇస్తేనే ఉంటానన్నాడు. 1812లో చేసిన బేరమే, ఈసారి గెలిచాడు. కలకత్తాకు ఆంహర్స్ట్ ప్రభువు వెళ్లాడు.

రాజుగారి పళ్లసెట్టు

1822 నుంచి 1827 దాకా విదేశాంగ మంత్రిగా కానింగ్ చేసిన పనుల్లోనే అసలు ముడి ఉంది. కేథలిక్ సమస్య మీద లివర్‌పూల్ మంత్రివర్గంలో ఒప్పందం స్పష్టంగా ఉండేది: ఎవరి అభిప్రాయం వాళ్లది, ప్రభుత్వానికి ఏ అభిప్రాయమూ లేదు. అందుకని దానిమీద ఎవరూ కొట్టుకోలేదు. కొట్టుకున్నది విదేశాంగ విధానం మీద.

ఆస్ట్రియా, రష్యా, ప్రష్యా, ఫ్రాన్స్ రాజులు కూడి సమావేశాలు పెట్టుకుని ఎక్కడ తిరుగుబాటు లేస్తే అక్కడికి సైన్యం పంపే పద్ధతి ఒకటి నడుస్తోంది. 1823లో ఫ్రెంచి సేనలు అలాగే స్పెయిన్‌లో దిగాయి. బ్రిటన్ దీన్నుంచి తప్పుకోవాలని కానింగ్ పట్టుబట్టాడు. అప్పటికే స్పెయిన్ మీద తిరగబడిన దక్షిణ అమెరికా వలసలతో లివర్‌పూల్ వర్తకులు జోరుగా వ్యాపారం చేస్తున్నారు. ఆ దేశాలను గుర్తిస్తే వర్తకానికి వర్తకం, ఫ్రాన్స్‌కు చెక్. అమెరికా రాయబారి రిచర్డ్ రష్‌తో ఉమ్మడి ప్రకటన గురించి మాట్లాడాడు. అమెరికా మాత్రం తన దారి తాను చూసుకుని ఆ డిసెంబరులోనే మన్రో సిద్ధాంతం ప్రకటించింది. ఈ మన్రో అమెరికా అధ్యక్షుడు, మన మన్రో దొరకు సంబంధం లేదు.

బ్యూనస్ ఐరిస్, కొలంబియా, మెక్సికోలను గుర్తించడానికి 1824 చివర్లో మంత్రివర్గం ఒప్పుకుంది. తేలిగ్గా కాదు. వెల్లింగ్టన్ అడ్డం తిరిగాడు. లివర్‌పూల్, కానింగ్ ఇద్దరూ రాజీనామా బెదిరింపు పెడితే గానీ నెగ్గలేదు. 1825 ఫిబ్రవరిలో ఆ సంగతి పార్లమెంటులో రాజు చదవాలి. తిరుగుబాటుదార్లను రాజులుగా ఎలా మన్నిస్తామని నాలుగో జార్జ్ బాధ. కాలికి కీళ్లవాపు, పైగా పెట్టుడు పళ్లు కనబడటం లేదు అని కబురు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. ప్రసంగం ఎల్డన్ చదివాడు. చదివిన ఎల్డన్‌కూ ఆ విధానం సుతరామూ నచ్చదు.

పద్ధతి కూడా పెద్దలకు కొరుకుడు పడలేదు. అప్పటిదాకా విదేశాంగ వ్యవహారాలంటే నాలుగు గోడల మధ్య డ్యూకుల మాటలు. కానింగ్ బహిరంగ సభల్లో వాటి గురించి మాట్లాడాడు, అధికార పత్రాలు అచ్చు వేయించాడు, పత్రికలు చదివే మధ్యతరగతిని తన వెనక నిలబెట్టుకున్నాడు. 1826 డిసెంబరులో పోర్చుగల్‌కు సైన్యం పంపుతూ, పాత ప్రపంచపు తూకం సరిచేయడానికి కొత్త ప్రపంచాన్ని పుట్టించానని సభలో గర్జించాడు. "నేను" అన్నాడు, "మేం" అనలేదు. పక్కన కూర్చున్న మంత్రులకు అది వినబడకుండా ఎలా ఉంటుంది?

హాస్యం మాత్రం వదల్లేదు. 1826లో హేగ్‌లోని రాయబారి బాగొట్‌కు రహస్య సంకేత లిపిలో అత్యవసర ఉత్తరం ఒకటి వెళ్లింది. సంకేతాల పుస్తకం దగ్గర లేక బాగొట్ హడలిపోయి లండన్‌కు రాసి తెప్పించుకున్నాడు. తీరా విప్పి చూస్తే, వర్తకంలో డచ్చివాళ్ల తప్పల్లా ఇచ్చేది తక్కువ, అడిగేది ఎక్కువ అంటూ ప్రాసలు కుదిర్చిన పద్యం. అందులో చెప్పింది నిజమైన నిర్ణయమే: డచ్చి ఓడల సరుకుపై నూటికి ఇరవై సుంకం.

ఆయన్ను ఉదారవాదిగా తేల్చేయడానికి మాత్రం వీల్లేదు. ఓటు హక్కు సంస్కరణకు చివరిదాకా ఎదురే. బానిసత్వం మీద 1823లో సభ ఒప్పుకున్న తీర్మానాలు ఆయనవే, కానీ అవి బానిసల స్థితిని మెల్లగా మెరుగుపరచమనేవి, విడుదల చేయమనేవి కావు. ఆయన్ను ఇంట్లో దింపుకున్న జాన్ గ్లాడ్‌స్టన్‌కు దక్షిణ అమెరికాలోని డెమెరారా అనే బ్రిటిష్ వలసలో బానిసలతో నడిచే తోటలుండేవి. ఆ ఏడాది ఆగస్టులో అక్కడ లేచిన తిరుగుబాటు మొదలైంది గ్లాడ్‌స్టన్ తోటలోనే.

ముడి విప్పితే

1827 జనవరిలో రాజుగారి తమ్ముడు యార్క్ డ్యూక్ పోయాడు. విండ్సర్‌లో గడ్డకట్టే చలిలో రాత్రిపూట అంత్యక్రియలు. చాపైనా లేని రాతి నేల మీద గంటల తరబడి నిలబడి కానింగ్ జబ్బుపడ్డాడు. ఆ జబ్బు మళ్లీ పూర్తిగా వదల్లేదు. ఫిబ్రవరి 17న ప్రధాని లివర్‌పూల్‌కు పక్షవాతం వచ్చింది. మార్చిలో కేథలిక్ తీర్మానం కామన్స్‌లో నాలుగు ఓట్ల తేడాతో ఓడింది. లివర్‌పూల్ స్థానంలో ఎవరిని పెట్టాలా అని రాజుకు వెతుకులాట. టోరీ డ్యూకులు వచ్చి, కానింగ్‌ను పెడితే మేం మద్దతివ్వం అన్నట్టు మాట్లాడారు. ప్రధాని ఎంపిక తన హక్కు అనుకునే రాజుకు ఒళ్లు మండింది. కెరోలిన్ వ్యవహారంలో అసహ్యించుకున్న మనిషినే పిలిచాడు.

రాజీనామాలు ఇచ్చినవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం తప్పు. పీల్ మాట నమ్మదగింది. హోం మంత్రిగా ఐర్లండు బాధ్యత ఆయనది, కేథలిక్కులకు ఎదురుగా పేరుపడ్డవాడు, అనుకూల ప్రధాని కింద ఆ శాఖ నడపలేడు. పైగా కానింగ్‌తో ఆయన మాటలు చివరిదాకా మర్యాదగానే సాగాయి. ఎల్డన్ ప్రతి మార్పుకూ వ్యతిరేకే, ఆయనకు వేరే కారణం అక్కర్లేదు. తేలనిది మెల్విల్ సంగతి. ఆయన కేథలిక్కులకు హక్కులివ్వాలనేవాడే! అయినా వెళ్లిపోయాడు. మతమే కారణమైతే మెల్విల్ ఉండిపోవాలి.

వెల్లింగ్టన్ సంగతి ఇంకా తేటతెల్లం. మంత్రివర్గంలో కొనసాగమని కానింగ్ ఉత్తరం రాస్తే, ప్రధాని ఎవరో చెప్పలేదే అని తిరుగు జవాబు రాశాడు. మంత్రివర్గం కూర్చమని రాజు ఎవరిని అడిగితే వాళ్లే ప్రధాని కావడం ఆచారం కదా అని కానింగ్ బదులిచ్చాడు. ఆ స్వరంలో వెటకారం వినబడి డ్యూక్ రాజీనామా చేశాడు. ఇందులో పోపు పేరు ఎక్కడా లేదు. ఐదేళ్లుగా మంత్రివర్గంలో ఓడిపోతూ వచ్చిన కోపం ఉంది, పుట్టుక తెలియని మాటకారి నాకు అధికారి అవుతాడా అన్న ఆభిజాత్యం ఉంది, 1809 నుంచి మోస్తున్న అపనమ్మకం ఉంది. కేథలిక్ సమస్య వీటన్నిటికీ బయట చెప్పుకోదగ్గ పేరు. నా అంచనాలో టోరీ పెద్దలు అబద్ధం ఆడలేదు. చెప్పుకోవడానికి సిగ్గుపడే కారణాలను గౌరవమైన కారణం వెనక నిలబెట్టారు, కొంతకాలానికి తామే దాన్ని నమ్మారు.

మిగిలిన కథ వేగంగా సాగింది. కానింగ్ పాత శత్రువులైన విగ్గుల వైపు తిరిగాడు. లాన్స్‌డౌన్, టియర్నీ, కార్లైల్ లాంటివాళ్లు వచ్చి చేరారు. గ్రే రాలేదు. మేలో ప్రభువుల సభలో లేచి కానింగ్ బతుకంతా విడదీసి విమర్శించాడు. జవాబు చెప్పడానికి ఆ సభలోకి వెళ్లే హక్కు కానింగ్‌కు లేదు, ఆయన కామన్స్ సభ్యుడు. తోడల్లుడైన నాలుగో పోర్ట్‌లాండ్ డ్యూక్‌ను మంత్రివర్గంలోకి తీసుకున్నాడు. ఖజానా మంత్రి బాధ్యత తనే మోస్తూ జబ్బు ఒంటితో జూన్ ఒకటిన బడ్జెట్ పెట్టాడు. తిండిగింజల దిగుమతి మీద సుంకాన్ని ధరతోపాటు తగ్గించుకుంటూ పోయే బిల్లు కామన్స్ దాటింది. ప్రభువుల సభలో వెల్లింగ్టన్ పెట్టిన సవరణ దాన్ని చంపేసింది. కొసమెరుపు, మరుసటి ఏడాది వెల్లింగ్టన్ తనదైన రూపంలో అలాంటి చట్టమే తెచ్చాడు.

జూలై 6న లండన్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా ఒప్పందంపై సంతకాలు చేశాయి. తుర్కులకు, తిరుగుబాటు చేసిన గ్రీకులకు మధ్య సంధి కుదర్చాలి, ఒప్పుకోకపోతే బలవంతంగానైనా యుద్ధం ఆపించాలి. అక్టోబరు 20న నవరినో రేవులో మూడు దేశాల నౌకలు కలిసి తుర్కు, ఈజిప్టు నౌకాదళాన్ని ముంచేయడానికి మూలం ఆ కాగితమే. ఏథెన్సులో ఇవాళ్టికీ కానింగ్ పేరుతో ఒక కూడలి, అందులో ఆయన విగ్రహం ఉన్నాయి. సరిగ్గా ఆ జూలై 6నే కర్నూలు సీమలోని పత్తికొండలో థామస్ మన్రో కలరాతో చనిపోయాడు. ఆ వార్త ఓడలో లండన్ చేరేసరికి, ఆయన్ను అంతగా పొగిడిన మనిషి లేడు.

జూలైలోనే కంపెనీ కొత్త గవర్నర్ జనరల్‌గా విలియం బెంటింక్‌ను నియమించింది. వెల్లూరు సిపాయిల తిరుగుబాటు తర్వాత మద్రాసు గవర్నరు పదవి నుంచి వెనక్కి పిలిపించబడి ఇరవై ఏళ్లుగా ఆ అవమానం మోస్తున్న బెంటింక్‌కు అది రెండో అవకాశం.

విశ్రాంతి కోసం కానింగ్ డెవన్‌షైర్ డ్యూక్ గారి చిస్విక్ భవనానికి వెళ్లాడు. 1806లో ఫాక్స్ చనిపోయింది కూడా ఆ ఇంట్లోనే. ఆగస్టు 8 తెల్లవారకముందే పోయాడు, యాభై ఏడేళ్లకు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పిట్ సమాధి దగ్గర పాతిపెట్టారు. ఆయన తర్వాత ప్రధాని అయిన గోడరిచ్ ఒక్కసారి కూడా ఆ హోదాలో పార్లమెంటు ముఖం చూడకుండానే జనవరిలో దిగిపోయాడు. అప్పుడు వచ్చాడు వెల్లింగ్టన్.

1828లో ఐర్లండులోని క్లేర్ ఉప ఎన్నికలో కేథలిక్ నాయకుడు డేనియల్ ఓకానెల్ గెలిచాడు. గెలిచినవాణ్ణి సభలో కూర్చోనివ్వకపోతే ఐర్లండు అంటుకుంటుంది. వెల్లింగ్టన్, పీల్ తల వంచారు. వాళ్లను నమ్మి 1827లో కానింగ్‌ను తిట్టిన ఛాందస టోరీలు ఈసారి వాళ్లనే ద్రోహులన్నారు. ఇటు కానింగ్ మనుషులూ దూరమయ్యారు. 1830 నవంబరులో రెండు వైపుల దెబ్బకు వెల్లింగ్టన్ ప్రభుత్వం కూలింది.

తర్వాత వచ్చిన ప్రధాని గ్రే. మంత్రివర్గం నింపడానికి ఆయనకు మనుషులు కావలసి వచ్చారు. విదేశాంగ శాఖ పామర్‌స్టన్‌కు, హోం శాఖ మెల్బోర్న్‌కు, వలసలు గోడరిచ్‌కు, బోర్డ్ ఆఫ్ కంట్రోల్ చార్లెస్ గ్రాంట్‌కు ఇచ్చాడు. నలుగురూ కానింగ్ వర్గంవాళ్లే. మెల్బోర్న్, పామర్‌స్టన్ తర్వాత ప్రధానులయ్యారు. గ్రాంట్ 1833లో ఇండియా చార్టర్ చట్టాన్ని కామన్స్‌లో నడిపించాడు. దాని కింద భారత గవర్నర్ జనరల్ అనే హోదా మొదట దక్కింది బెంటింక్‌కు.